ఆరో ముక్క

మా అన్నయ్య గౌరినాయుడు నలభై మూడేళ్ళ జీవితంలో మొదటిసారి ఒక మనిషిని కొట్టాడని తెలిసినప్పుడు నేను సంతోషించాను. దాచుకోవడం దేనికి, నిజంగానే సంతోషించాను.

ఆయన పనిచేసే ఓడల యార్డు కాంటీన్లో మధ్యాహ్నం భోజనాల వేళ జరిగిందది. ఎదురుగా కూర్చున్న ఫిట్టరు సూరిబాబు తన చొక్కా జేబులో చెయ్యి పెట్టుకున్నాడట. అన్నయ్య పళ్ళెం పక్కకి జరిపి, లేచి, అతని దవడ మీద ఒక గుద్దు గుద్దాడు. కింద పడ్డవాడి పక్కటెముకల మీద రెండోది తన్నాడు. లేవబోతుంటే ముక్కు మీద మూడోది. మూడే, నాలుగోది లేదు. ఆ తర్వాత వచ్చి కూర్చుని చల్లగా పెరుగన్నం కలుపుకున్నాడు. సూరిబాబు ముక్కులోంచి కారిన రక్తం బల్ల కాళ్ళ దాకా వచ్చిందని చూసినవాళ్ళు చెప్పారు. అతని జేబులోంచి కింద పడింది బీడీకట్ట. కాంటీన్లో కాల్చనివ్వరు కాబట్టి చాటుగా తీస్తున్నాడు పాపం.

దీనికి సంతోషమేమిటని మీకు అనిపించాలి. అనిపించకపోతే మీకూ నాకూ తేడా లేదు.

అంతకు ఏడాది కిందట యార్డులో క్రేను కొక్కెం ఊగి అన్నయ్య తలకి తగిలింది. పుర్రె అతుక్కుంది. కాళ్ళూ చేతులూ మాటా అన్నీ బాగానే ఉన్నాయి. తేల్చుకోవడం ఒక్కటే పోయింది. వేడినీళ్ళా చన్నీళ్ళా అని బకెట్టు ముందు గంటసేపు నిలబడేవాడు. పప్పు వెయ్యనా పులుసు పొయ్యనా అంటే కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. మా వదిన కనకరత్నం ఇంట్లో బట్టలు కుడుతుంది. ఆ మిషను ఆపి ఆయనకి చొక్కా గుండీలు పెట్టేది. చివరికి ఒకరోజు నా లాబ్ గేటు దగ్గరికే వచ్చేసింది.

"ఇందూ, నీ సదువు ఎవులికి? ఊరందరి బుర్రలూ సూస్తావు. మీ అన్నని మనిషిని సెయ్యి."

నేను చేసే పని అదే. డాక్టర్ ప్రభుదాస్ నడిపే లాబ్‌లో ఏడేళ్ళుగా ఒక పరికరం మీద పని చేస్తున్నాను. రూపాయి నాణెమంత ఉంటుంది, చెవి వెనక చర్మం కింద అమరుస్తాం. దానికి కాగితాల్లో పెద్ద పేరు ఉంది, మేమందరం బిళ్ళ అనే అంటాం. దాన్నుంచి వెంట్రుకలాంటి తీగ మెదడులో లాభనష్టాలు తూచే చోటికి వెళుతుంది. మనిషి ఎటూ తేల్చుకోలేక ఆగిపోతే, బిళ్ళ ఒకవైపుకి కాస్త మొగ్గుతుంది. అంతే దాని పని.

ఎటు మొగ్గాలో దానికి ముందు నేర్పాలి కదా. జీవితంలో ఏది ఒప్పో ముందే తెలిసిన ప్రశ్నలు ఎక్కడ దొరుకుతాయి? పేకాటలో దొరుకుతాయి. రమ్మీ చాలాసేపు సాగుతుంది, మూడుముక్కలాటలో సగం బెదిరింపే. నాలుగు ముక్కల పోకరు అలా కాదు. అందులో మాట్లాడేది ముక్కలే. పంచేవాడిని భయపెట్టలేం, బతిమాలలేం. నీ ముక్కలు చూసుకుని నువ్వు తేల్చుకోవాలి. పడేయడమా, నిలబడడమా, నిలబడితే ఎంతతో అన్నది ఒక్కటే ప్రశ్న. దానికి సరైన జవాబు లెక్కలవాళ్ళు ఎప్పుడో తేల్చిపెట్టారు.

పంచడానికి మర కొందామన్నారు. నేనే వద్దన్నాను. అన్నయ్యకి కొత్త అంటే బెదురు. ఎదురుగా ఇంటి మనిషి కూర్చుంటే కుదురుగా ఆడతాడని నేనే పేక పట్టుకుని కూర్చున్నాను. నా బుద్ధికి నేనే మురిసిపోయాను కూడా.

మొదటి రోజు నాకు బాగా గుర్తు.

"నీకు ఐదు ముక్కలు పంచుతాను అన్నయ్యా. వాటిల్లో మంచివి నాలుగు ఏరుకోవాలి."

"మరి నీకు?"

"నాకు ఆరు. ఒకటి తెరిచి పెడతాను, చూడు. మిగతావి బోర్లా ఉంటాయి."

"నీకెందుకే ఒకటెక్కువ?"

"పంచేదాన్ని కదా. ఆట అంతే."

ఆయన చాలా నెలల తర్వాత నవ్వాడు. "మా సెల్లికి ఎప్పుడూ ఒకటెక్కువే కావాల," అన్నాడు.

డబ్బు లేదు, చింతపిక్కలతో ఆడేవాళ్ళం. పదుల జతగానీ అంతకన్నా పెద్దదిగానీ పడితే మూడింతలు ఒడ్డాలి. రెండ్ల నుంచి తొమ్మిదుల దాకా ఏ జత ఉన్నా ఒక్క వంతుతో నిలబడాలి. జతే లేకపోతే, చేతిలో ఆసూ రాజూ మెరుస్తున్నా సరే, పడేయాలి. దాదాపు సగంసార్లు పడేయాల్సిందే. మొదట్లో ఏడుల జత పట్టుకుని ఇరవై నిమిషాలు కూర్చునేవాడు, నుదుటి మీద చెమట పట్టేది. నెల తిరిగేసరికి బిళ్ళ అందుకుంది. ముక్కలు చూడడం, చెయ్యి కదలడం ఒకేసారి జరిగిపోయేవి. రోజుకి రెండువందల చొప్పున ఐదు నెలలు ఆడించాను. ముప్పై వేల ఆటలు, అన్నిట్లోనూ ఎదురుగా నేనే, నా చేతిలో ఎప్పుడూ ఒక ముక్క ఎక్కువే.

అన్నయ్య పనిలోకి వెళ్ళాడు. బజారులో వంకాయలు ఏరాడు. వదిన ఫోన్ చేసి, "మీ అన్న గళ్ళసొక్కా తనే తీసుకున్నాడే," అని ఏడ్చింది. ఇరవై ఏళ్ళ స్నేహితుడు ఒకడు ఏదో మాట తూలితే అప్పటికప్పుడే అతనితో తెంచుకున్నాడు. ఏమిటలా అంటే, "జత లేదు. పడీసేను," అన్నాడు. మేమిద్దరం నవ్వుకున్నాం. ఇంకో నెలకి సూరిబాబు ముక్కు విరిగింది. పిరికివాడు మగాడయ్యాడని యార్డులో అందరూ అన్నారు, నేనూ ఆ మాటే అనుకున్నాను.

నవ్వు పోయింది ఆ వారం బిళ్ళ నమోదులు తెర మీద చూసినప్పుడు. అందులో రెండు గీతలు ఉంటాయి. ఒకటి తన చేతిలో బలం ఎంతుందని అన్నయ్య అనుకుంటున్నాడో చెబుతుంది, రెండోది ఎదుటివాడి బలం. అన్నయ్య ఒంటరిగా ఉన్నప్పుడు రెండో గీత అడుగున పడి ఉంది. ఎదురుగా ఎవరు కూర్చున్నా అది లేచి మొదటి గీత కన్నా సరిగ్గా ఒక మెట్టు పైన నిలబడుతోంది. ఫిట్టరైనా, బస్సులో ముసలమ్మైనా, తన పెళ్ళామైనా అంతే. నేను ముప్పై వేల సార్లు నేర్పిన పాఠం ఆట గురించి కాదు, మనుషుల గురించి. ఎదురుగా ఉన్నవాడి దగ్గర, అందులోనూ అయినవాళ్ళ దగ్గర, నీకు కనబడని ముక్క ఒకటి ఎప్పుడూ ఎక్కువే ఉంటుందని నేర్పాను. ఇక ఆటలో మూడింతలంటే చింతపిక్కలు. చింతపిక్కలు లేని చోట దేన్ని ఒడ్డాలో బిళ్ళకి ఎవరూ చెప్పలేదు. ఒళ్ళు తన దగ్గర ఉన్నదాన్నే, మూడు దెబ్బలుగా ఒడ్డింది.

పరుగున వెళ్ళి ప్రభుదాస్‌కి చూపించాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఇందుమతిగారూ, బిళ్ళకి అనుమతిచ్చే కమిటీ ఇరవై రోజుల్లో కూర్చుంటుంది. ఇప్పుడు ఆపితే ఏడేళ్ళ పని చెత్తబుట్టలోకే. సూరిబాబుకి వైద్యం మనం చేయిద్దాం. ఈ ఇరవై రోజులూ జాగ్రత్తగా చూసుకుందాం."

నేను సరేనన్నాను. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు. ఆ పరిశోధన మీద మొదట ఉండేది నా పేరే, అందుకని సరేనన్నాను.

తొమ్మిదో రోజు అన్నయ్య పరీక్షకి వచ్చాడు. ప్రభుదాస్ ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని నిద్ర ఎలా పడుతోంది, తిండి ఎలా ఉంది అని అడుగుతున్నారు. ప్రభుదాస్ ఎడమ చెయ్యి బల్ల కింద ఉంది. నేను తెర దగ్గర ఉన్నాను. రెండో గీత లేవడం చూశాను. "సార్, చెయ్యి పైకి పెట్టండి," అని అరిచేలోపే అన్నయ్య గాజు పేపర్‌వెయిట్ తీసుకున్నాడు.

మొదటి దెబ్బకి చెంప ఎముక విరిగింది, ఆ చప్పుడు నాకు వినబడింది. రెండోది మెడ పక్కన బొమికె మీద పడింది. ప్రభుదాస్ కుర్చీతో సహా వెనక్కి పడ్డారు. ఆయన ముఖానికి అడ్డం పెట్టుకున్న చేతివేళ్ళ మీద మూడోది. పేపర్‌వెయిట్ దొర్లుకుంటూ వెళ్ళి గోడకి తగిలి ఆగింది. అన్నయ్య ఒగర్చడం లేదు. వంగి, బల్ల కింద పడిన కాగితం తీసి నాకు ఇచ్చాడు. ప్రయోగం ఇంకో ఏడాది పొడిగించడానికి అన్నయ్య చేత సంతకం పెట్టించుకోవాల్సిన కాగితం. మాటల్లో పెట్టి చివర్లో తీద్దామనుకున్నారు కాబోలు.

"సూసేవా? ఉంటాదని నాకు తెలుసు," అన్నాడు అన్నయ్య. "పెతోడి కాడా ఒకటుంటాది, ఇందూ. ఇన్నాళ్ళూ నాకే కనపడ్లేదు."

సూరిబాబు దగ్గర బీడీకట్ట, ప్రభుదాస్ దగ్గర కాగితం. ఏదీ లేని చోట అన్నయ్య కొట్టడం లేదు. నన్ను భయపెట్టింది అదే.

"అన్నయ్యా, నీ బొటనవేలు చెవి వెనక బిళ్ళ మీద పెట్టు. పది లెక్కపెట్టేదాకా. బిళ్ళ ఆపేద్దాం."

ఆ ఏర్పాటు నాదే. ఒక మనిషి సంకల్పాన్ని ఇంకొకరు ఆపకూడదని, అతని వేలిముద్ర ఉంటేనే బిళ్ళ ఆగాలని పట్టుబట్టి పెట్టించాను. అప్పట్లో అందరూ మెచ్చుకున్నారు.

ఆయన తన బొటనవేలు చూసుకున్నాడు. "మళ్ళీ బకెట్టు కాడ నిలబడమంటావా?" అన్నాడు. రక్తం అంటిన చెయ్యి చొక్కాకి తుడుచుకుని, ప్రభుదాస్‌ని దాటుకుని వెళ్ళిపోయాడు.

కేసు పెడితే బిళ్ళ సంగతి బయటికి వస్తుందని ప్రభుదాస్ పెట్టలేదు. నేను వదినకి ఫోన్ చేశాను. ఏం చెప్పానో ఇప్పుడు తలుచుకుంటే నా నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

"వదినా, కొన్నాళ్ళు అన్నయ్యకి ఎదురుగా కూర్చోకు. పక్కన కూర్చో."

"అదేటే? కూకుంటే ఏటవుద్ది?"

"ఏం కాదు. మందు మారుస్తున్నాం, అందుకని."

తప్పు నాదని చెప్పి ఉంటే ఆమె ఆ గంటలోనే ఇల్లు దాటేది. చెప్పలేకపోయాను. వదిన దృష్టిలో నేను ఆమె మొగుణ్ణి తిరిగి తెచ్చిచ్చిన దేవతని, ఆ పీట దిగబుద్ధి కాలేదు.

మూడు రోజులు గడిచాయి. వదినకీ ఆయన చూపు బెదురు పుట్టించింది. బొబ్బిలిలో పుట్టింటికి వెళదామని బస్సు టిక్కెట్టు తీసుకుంది, ఆయనకి చెప్పలేదు. పొద్దున్న ఇడ్లీలు పెట్టి, అలవాటు కొద్దీ ఎదురుగానే కూర్చుంది. టిక్కెట్టు ఎడమ చేతిలో మడిచి ఒళ్ళో పెట్టుకుంది. అన్నయ్య ఆమె కుడిచెయ్యి పట్టుకుని బల్ల అంచు మీద విరిచాడు. జుట్టు పట్టుకుని తల గోడకి కొట్టాడు. పడిపోయాక కడుపులో తన్నాడు. మూడూ అయ్యాక తనే ఆటోలో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి కట్టు కట్టించి తెచ్చాడు. తెచ్చి, తలుపుకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

ఈ సంగతి మర్నాడు వదిన కిటికీలోంచి పక్కింటివాళ్ళ ఫోన్ తీసుకుని నాకు చెప్పింది. ఏడవలేదు. "ఇందూ, ఈసారి నన్ను సంపీస్తాడు," అంది.

పోలీసులకి చెప్పాల్సింది. తలుపు పగలగొట్టి నలుగురు మనుషులు లోపలికొస్తే అన్నయ్య దగ్గరున్న మొదటి మనిషి వదిన. ఆ మూడు దెబ్బలూ ఆమెకే పడతాయి. అలా అనుకున్నాను. ఇప్పటికీ అది నిజమో, నా పరువు కోసం నాకు నేను చెప్పుకున్న సాకో తెలియదు. మత్తుమందు ఎక్కించిన సూదిని చీర కుచ్చిళ్ళ దగ్గర దోపుకుని, పదకొండింటికి మల్కాపురంలో వాళ్ళింటి తలుపు కొట్టాను.

అన్నయ్య తాళం తీశాడు. నేను లోపలికి రాగానే మళ్ళీ వేశాడు. వదిన లోపలి గదిలో మిషను పక్కన నేల మీద ఉంది. ముఖం ఒకవైపు వాచి నల్లబడింది. కుడిచెయ్యి భుజం దాకా కట్టు.

"కూకో. ఎదురుగా."

కూర్చున్నాను. మా మధ్య ఖాళీ బల్ల.

"సేతులు పైన పెట్టు."

పెట్టాను.

"ఆరోది ఏటి?"

"నా దగ్గర ఏం లేదు అన్నయ్యా. వదినని ఆసుపత్రికి తీసుకెళ్దామని వచ్చాను."

ఆయన నన్నే చూస్తూ కూర్చున్నాడు. అవి మా అన్నయ్య కళ్ళే. చిన్నప్పుడు నాకు ఈత నేర్పినవాడి కళ్ళు. నేను మనసులో ఆట వేసుకున్నాను. ఆయన పడేయాలంటే ఆయన చేతిలో జత ఉండకూడదు. తాళంచెవి ఆయన దగ్గరుంది, వదిన ఆయన వెనక గదిలో ఉంది, బలం ఆయనది. అది పదుల జత కన్నా చాలా పెద్ద చెయ్యి. నేనెంత గట్టిగా మాట్లాడినా, ఎంత ఏడ్చినా లెక్కలోకి రావు. ఆ ఆటని ఏరి కోరి తెచ్చిందే నేను, అందులో బెదిరింపుకీ బతిమాలడానికీ చోటు లేదని.

ఇక మిగిలింది నిజం ఒక్కటే. కుచ్చిళ్ళ దగ్గర్నుంచి సూది తీసి బల్ల మీద పెట్టాను.

"ఇదే అన్నయ్యా. ఇంకేం లేదు. తప్పంతా నాది. నేనే నీకు అలా నేర్పాను. నీ వేలు పెట్టు, ఆపేద్దాం."

సూదిని చూసి ఆయన ముఖం వికసించింది. బిడ్డ లెక్క సరిగ్గా చేసినప్పుడు పంతులు ముఖంలా.

"సూసేవా," అన్నాడు.

మొదటిది నోటి మీద తగిలింది. రెండు పళ్ళు నాలుక మీదికి వచ్చాయి, ఉప్పగా ఉంది. నేను బల్లతో సహా పడ్డాను. రెండోది పక్కటెముకల్లో, కాలితో. ఊపిరి లోపలికి రావడం ఆగిపోయింది. అన్నయ్య బల్లని పక్కకి తన్ని, స్టూలు రెండు చేతులా ఎత్తాడు. తల మీదికే అని నాకు తెలిసింది. కళ్ళు మూసుకోలేదు, అందుకే ఆయన వెనక వదిన కనిపించింది. ఎడమచేతిలో ఇత్తడి ఇస్త్రీపెట్టె ఉంది. బొగ్గుల ఇస్త్రీపెట్టె, ఐదారు కిలోలుంటుంది. కుడిచేత్తో పట్టుకోడానికే బరువు. దాన్ని ఆమె ఎలా ఎత్తిందో నాకు తెలియదు. చెవి వెనక, సరిగ్గా బిళ్ళ మీద పడింది.

స్టూలు ముందు పడింది, తర్వాత అన్నయ్య. వదిన ఇంకోసారి ఎత్తింది. "వదినా, చాలు," అన్నాను. నోట్లో రక్తంతో మాట సరిగ్గా రాలేదు. అయినా ఆమె ఆగింది. ఇస్త్రీపెట్టె నేల మీద పెట్టి, ఆయన జేబులోంచి తాళంచెవి తీసింది.

అన్నయ్య చావలేదు. డాక్టర్లు ముక్కలైన బిళ్ళని తీసేశారు. ఆరో రోజు కళ్ళు తెరిచాడు. ఎనిమిదో రోజుకి దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. కమిటీకి నేను ఉత్తరం రాశాను, ఏం నేర్పానో, తెలిసీ ఎన్నాళ్ళు దాచానో అంతా రాశాను. ఆ ఉద్యోగం ఇప్పుడు నాకు లేదు.

తొమ్మిదో రోజు పొద్దున్న ఎస్సై వచ్చాడు. మంచానికి ఒకపక్క నేను, ఇంకోపక్క వదిన.

"తల వెనక దెబ్బ. ఎవరు కొట్టారు?"

"నేనే," అన్నాను.

"కాదు బాబూ, నాను," అంది వదిన. "ఇస్త్రీపెట్టితో."

ఎస్సై ఆమె కట్టు చూశాడు, నా వాచిన మూతి చూశాడు. "ఇద్దరూ నేనే అంటే ఇద్దర్నీ స్టేషన్‌కి తీసుకెళ్ళాల్సి ఉంటుందమ్మా," అని మంచం వైపు తిరిగాడు. "ఏమయ్యా గౌరినాయుడూ, నువ్వు చెప్పు. ఎవరు?"

అన్నయ్య నోరు తెరిచాడు. మాట రాలేదు. నన్ను చూశాడు, వదినని చూశాడు, మళ్ళీ నన్ను. నుదుటి మీద చెమట పట్టింది. ఆ చెమట నాకు తెలుసు. ఆయన తేల్చుకోలేడని ఎస్సైకి చెప్పబోతే, నన్ను చేత్తో ఆగమన్నాడు ఎస్సై. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. టీ తెప్పించుకున్నాడు. రెండుసార్లు ఫోన్లో మాట్లాడాడు. నర్సు వచ్చి సెలైను మార్చి వెళ్ళింది. అన్నయ్య పెదవులు కదులుతున్నాయి, ఆగుతున్నాయి, దుప్పటి అంచు పిడికిట్లో నలిగిపోతోంది. చెవి వెనక అక్కడ ఏమీ లేదు, కుట్లు తప్ప. ఎటు మొగ్గాలో ఆయనకి చెప్పేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు.

నలభై నిమిషాలు పట్టింది.

"ఎవులూ కాదు సార్," అన్నాడు. "నానే. తూలిపోయి గుమ్మానికి కొట్టుకున్నాను."

ఎస్సై నమ్మలేదు. అయినా రాసుకుని, ఆయన చేత వేలిముద్ర వేయించుకుని వెళ్ళిపోయాడు. అన్నయ్య దిండు మీదికి వాలి, పెద్ద బరువు దించినవాడిలా ఊపిరి పీల్చుకున్నాడు. నేను ఏడుపు ఆపుకోలేకపోయాను.

వదిన ఏడవలేదు. మంచం కింద నుంచి తన సంచీ ఎడమచేత్తో తీసుకుంది.

"బొబ్బిలి ఎలిపోతన్నాను ఇందూ. మరి రాను. మీ అన్నని నువ్వు సూసుకో."

ఆమె గుమ్మం దాకా నడిచింది. అన్నయ్య ఆమెనే చూస్తున్నాడు. నేను ఆయన మీదికి వంగాను.

"వదినని ఆపమంటావా అన్నయ్యా?"

"వొద్దు," అన్నాడు.

ఆ మాటకి ఒక్క క్షణం కూడా పట్టలేదు.